చాకలి పేరిగాడిని స్టేజీ ఎక్కించిన మహాపండితుడు.. ఆ మాటలు ఇప్పుడు క్లాసులో చెప్పేదెలా?

నెల్లూరు నాటకరంగం గురించి మాట్లాడితే ముందు వరుసలో వినిపించే పేరు వేదం వేంకటరాయ శాస్త్రి. సంస్కృతంలో దిట్ట. గ్రాంథిక తెలుగుకు గట్టి కాపలాదారు. అలాంటి పండితుడే ఓ చాకలి పాత్రకు చాకలి మాటలే పెట్టి స్టేజీ ఎక్కించారు. అప్పట్లో అదో సంచలనం. ఇప్పుడు అదే పాత్ర టీచర్లకు ఓ చిక్కు ప్రశ్న. ఇంతకీ ఆ కథేంటి?

1853లో మద్రాసులో పుట్టిన శాస్త్రి, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో దాదాపు పాతికేళ్లు సంస్కృత పండితుడిగా పనిచేశారు. హర్షుడి నాగానందాన్ని తెలుగు చేశారు. 1899లో నెల్లూరులో ఆంధ్ర భాషాభిమాని నాటక సమాజం పెట్టించారు. పెన్నా ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో ఆయన నాటకాలకు అదే వేదికైంది.

ఆయనకు అసలు పేరు తెచ్చింది మాత్రం 1897 నాటి ప్రతాపరుద్రీయం. గురజాడ కన్యాశుల్కం అచ్చయింది కూడా ఆ ఏడాదే. కాకతీయ రాజు ప్రతాపరుద్రుడిని ఢిల్లీ వాళ్లు పట్టుకుపోతారు. మంత్రి యుగంధరుడు పిచ్చివాడి వేషంలో ఢిల్లీ వెళ్లి రాజును విడిపిస్తాడు. ఇందులో అచ్చం రాజు పోలికలతో ఉండే మనిషే చాకలి పేరిగాడు. రాజు, మంత్రి గ్రాంథికంలో మాట్లాడతారు. పేరిగాడు మాత్రం తన వాడ భాషలోనే మాట్లాడతాడు.

దీనికి శాస్త్రి పెట్టిన పేరు పాత్రోచిత భాష. సంస్కృత నాటకాల్లో కింది పాత్రలకు ప్రాకృతం వాడినట్టే, తెలుగులోనూ పాత్రను బట్టి మాట ఉండాలన్నది ఆయన వాదన. పండితులు తప్పుపడితే జవాబుగా వ్యాసమే రాశారు. కానీ ఇక్కడే ఓ మెలిక ఉంది. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడినప్పుడు శాస్త్రి ఎదుటి పక్షాన నిలబడ్డారు. అంటే ఆ యాస నాటకంలో ఓకే.. పుస్తకాల్లో, చదువులో మాత్రం కుదరదన్నమాట!

ఇప్పుడు క్లాస్‌రూమ్‌లోకి వద్దాం. ఈ నాటకాన్ని టీచర్ పైకి చదివితే, ఆ యాసకు పిల్లలు పగలబడి నవ్వుతారు. అదే క్లాసులో రజక కుటుంబం నుంచి వచ్చిన పిల్లాడు ఉంటే? ఆ నవ్వు ఎవరి మీద? బెల్లు కొట్టాక పేరిగా అని పిలుపు మొదలైతే ఆ తప్పు ఎవరిది? పేరు ముందు కులం, పేరు చివర గాడు. రాజు పోలిక ఉన్నా ఆ తోక మాత్రం పోలేదు.

ఇదే గొడవ అమెరికాలోనూ ఉంది. మార్క్ ట్వైన్ రాసిన హకల్‌బెరీ ఫిన్ నవలలో నల్లజాతి వారిని కించపరిచే మాట 200 సార్లకు పైగా వస్తుంది. 2011లో ఓ ప్రచురణ సంస్థ ఆ మాట తీసేసి, బానిస అని మార్చి అచ్చు వేసింది. అలా చేస్తే చరిత్రనే దాచినట్టని చాలామంది మండిపడ్డారు.

మరి మన దగ్గర చాకలి అన్న మాటే కొట్టేస్తే సరిపోతుందా? అలా అనుకోవడానికీ లేదు. తెలంగాణ సాయుధ పోరాటంలో దొర మీద తిరగబడిన ఐలమ్మను చాకలి ఐలమ్మ అనే గర్వంగా చెప్పుకుంటాం. కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఆమె పేరే పెట్టారు. మాట ఒకటే. ఒకచోట అది నవ్వు, మరోచోట గౌరవం. తేడా అంతా ఆ మాట ఎవరు, ఎవరి గురించి, ఎందుకు అంటున్నారన్న దాంట్లోనే ఉంది.

శాస్త్రి 1929లో కన్నుమూశారు. కింది కులాల మాటకు స్టేజీ మీద చోటిచ్చిన ఘనత ఆయనదే. ఆ మాటను నవ్వులాటకే ఎక్కువగా వాడారన్నదీ నిజమే. పిల్లలకు ఈ రెండూ చెప్పాలి. పాఠం తీసేస్తే మొదటిది పోతుంది. ఏమీ చెప్పకుండా చదివేస్తే రెండోది ఆ పిల్లాడి నెత్తిన పడుతుంది. అందుకే పేరిగాడి డైలాగ్ చదివే ముందు టీచర్ ఓ ఐదు నిమిషాలు ఆగాలి. ఇక్కడ మనం ఎందుకు నవ్వుతున్నామని క్లాసును అడగాలి. అసలు పాఠం అక్కడే మొదలవుతుంది.