చెవి యొగ్గిన గురువు
(గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి జీవితము)

ధ్యాన భాగములు: సామెతలు 18:13, మార్కు 7:31–37



ఎదుటివాని మాట పూర్తిగా ఆలకింపకయే బదులు చెప్పుట తెలివిమాలిన పని యని జ్ఞాని మనలను హెచ్చరించుచున్నాడు. ఆలకించుటకే తన జీవితమును ధారపోసిన ఒక పెద్దమనిషిని ఈ నెల జ్ఞాపకము చేసికొందము.

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగము దగ్గర, వంశధార ఒడ్డునున్న పర్వతాలపేటలో జన్మించిరి. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైరి. వాడుక తెలుగు కొరకు వారు చేసిన పోరాటమును అందరము ఎరుగుదుము. వారి పుట్టినదినమునే తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. కాని కొండలమీద వారు చేసిన సేవ అనేకులకు తెలియదు.

పర్లాకిమిడి చుట్టునున్న కొండలలో సవరలు నివసింతురు. వారి మాట తెలుగు కాదు, ఒడియా కాదు. అది ముండా కుటుంబపు భాష. పంతులుగారు రెండు భాషలును వచ్చిన ఒక మనిషిని తమ యింటనే పెట్టుకొని, అతనియొద్ద శిష్యునివలె సవర నేర్చుకొనిరి. ఆ కాలపు బ్రాహ్మణ గృహములో ఇది చిన్న సంగతి కాదు. సవర పాటలు, కథలు సేకరించి, వాచకములు వ్రాసి, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టిరి. 1911లో మద్రాసు ప్రభుత్వమువారు బహుమానము ఇయ్యబోగా, అది తమకు వద్దనియు, ఆ సొమ్ముతో సవరలకు బడి నడపుడనియు కోరిరి. 1931లో వారి సవర వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువడెను.

ఈ సేవకు వారు వెల చెల్లించిరి. మన్యములో తిరుగుటచేత చలిజ్వరము పట్టెను. దానికి క్వయినా పుచ్చుకొనగా చెవుడు వచ్చెను. అది జీవితాంతము విడువలేదు. ఇతరుల మాట వినుటకు కొండ ఎక్కిన మనిషి తన వినికిడినే అక్కడ అర్పించెను. 1940 జనవరి 22న వారు కన్నుమూసిరి.

వారు మన విశ్వాసమువారు కారు. అయినను కాపరులమైన మాకు వారి జీవితము సిగ్గును, బుద్ధిని కలిగించుచున్నది. మన అరకు ప్రాంతపు కొండలలో దొమ్మరోగము, అనగా ఆంత్రాక్సు, పలుమార్లు కనబడినది. చచ్చిన పశువును కోసినవారికిని, తినినవారికిని అది అంటును. ఆ పురుగు మట్టిలో ఏండ్ల తరబడి దాగియుండి మరల మేత మేయు పశువును పట్టును. నేల, పశువు, మనిషి ఒకే త్రాట కట్టబడియున్నారు.

చచ్చిన పశువు మాంసము తినవద్దని మేమును ఒకప్పుడు బల్ల గుద్ది ప్రసంగించితిమి. ఎవరును ఎదురు చెప్పలేదు, ఎవరును మానలేదు. తరువాత ఒక ముసలి తల్లి గుమ్మమున కూర్చుండి ఎందుకని అడిగితిమి. ఎద్దు చచ్చిన యింట ఆ యేటి దుక్కి పోవును. మాంసము పంచగా ఇరుగుపొరుగు ఇచ్చు గింజలే వారికి మిగులును. ఇది వారి మూర్ఖత్వము కాదు, వారి లేమి. అడుగకముందే తీర్పు తీర్చిన మూఢత్వము మాదే.

నాటినుండి మా సంఘము పిడికెడు బియ్యములో ఒక పాలు పశువు పోయిన యింటికి ఇచ్చుచున్నది. అటు పిమ్మటనే కళేబరమును కోయక, పశువైద్యునికి కబురు చేసి, లోతుగా పూడ్చుడను మాట చెవికెక్కెను. వానలకు ముందు పశువులకు టీకాలు వేయించుటకును జనులు ముందుకు వచ్చిరి.

మన ప్రభువు చెవిటివానిని జనసమూహములోనుండి ప్రక్కకు తోడుకొనిపోయి, అతని చెవులను ముట్టి బాగుచేసెను. గుంపును కాదు, ఆ యొక్కని చూచెను. ఈ నెలలో మనలో ప్రతివాడును ఒక యింటికి వెళ్లి, చెప్పుటకు కాక వినుటకు కూర్చుండును గాక.

ప్రార్థన: ప్రభువా, మా నోటికంటె ముందుగా మా చెవులను తెరువుము. ఆమేన్.