చేప కన్నుతో చూచినవాడు

మత్స్యయంత్రాన్ని కొట్టిన అర్జునుడు నీటిలోని నీడను చూచి మీదనున్న చేపను గురిపెట్టినాడు. పంతొమ్మిదవ శతాబ్దిలో ఒక ఆంగ్లేయుడు ఇందుకు విపరీతమైన పనికి పూనుకొన్నాడు. నీటిలోని చేప పైకి చూచినప్పుడు దానికి ఏమి కనబడుతుందో తెలిసికొనుటకు తన వయస్సులో ఉత్తమభాగాన్ని వెచ్చించినాడు. అతడు ఆల్ఫ్రెడ్ రోనాల్డ్స్.

రోనాల్డ్స్ 1802లో లండన్ నగరంలో ఒక వర్తక కుటుంబంలో జన్మించినాడు. 1816లోనే విద్యుత్తుతో తంతి ద్వారా వార్తలు పంపి చూపిన ఫ్రాన్సిస్ రోనాల్డ్స్ ఇతని అన్న. ఆల్ఫ్రెడ్ రాగిరేకులపై చిత్రాలు చెక్కే విద్యలో నేర్పరి. యౌవనంలో స్టాఫర్డ్‌షైర్ సీమకు చేరి, అక్కడి బ్లైత్ నదిలో ట్రౌట్ చేపల వేటలో పడినాడు.

ఆ వేట మన గాలపు వేట వంటిది కాదు. నాగావళి ఒడ్డునగాని, విజయనగరం చెరువుగట్టునగాని గాలం వేసేవాడు కొక్కేనికి వానపామునో పిండిముద్దనో గుచ్చుతాడు. ట్రౌట్ వేటగాడు ఆ కొక్కేనికే పట్టుదారంతో ఈకలు, వెండ్రుకలు చుట్టి పురుగు రూపం కల్పిస్తాడు. కట్టుడు పళ్ళ వలె దీనిని కట్టుడు ఈగ అనవచ్చును. 1496లో అచ్చయిన ఒక ఆంగ్లగ్రంథంలోనే పన్నెండు ఈగల వర్ణన ఉన్నది. ఇంత ప్రాచీనమైన విద్య అయినా, ఏ ఈగ ఏ ప్రాణికి ప్రతిరూపమో నిర్ణయం లేదు. ఒకే పురుగుకు ఒక్కొక్క సీమలో ఒక్కొక్క పేరు.

ఈ అయోమయాన్ని తొలగించవలెనని రోనాల్డ్స్ సంకల్పించినాడు. నదిగట్టున నీటి మీదికి చొచ్చుకొనివచ్చే చిన్న కుటీరం కట్టి, అందులో దాగి చేపలను పరిశీలించినాడు. చేపలకు కనబడకుండా మిత్రుని చేత తుపాకి పేల్పించినాడు, అవి చలించలేదు. ఒక గొట్టం ద్వారా చచ్చిన ఈగలను ఊది నీటిపై పడవేసినాడు, చేప అందుకొన్నది. పిదప కారమూ ఆవపిండీ పూసిన ఈగలను ఊదినాడు. వాటిని కూడ అందుకొన్నది. నోట పడిన తరువాతనే చాలవాటిని ఉమ్మివేసినది. చేప ఆహారాన్ని ఎన్నుకొనేది రుచిని బట్టి కాదు, చూపును బట్టి అని అతనికి స్థిరపడినది. నీటిలో ప్రవేశించే కాంతికిరణం వంగుతుంది గనుక, గట్టుచాటున నిలిచిన మనిషి సైతం చేపకు కనబడగలడని రేఖాపటం గీసి నిరూపించినాడు.

ఈ పరిశ్రమ ఫలితం 1836లో వెలువడిన గ్రంథం. అందులో నలుబది ఏడు కట్టుడు ఈగలను, వాటికి మూలమైన పురుగుల పక్కపక్కనే చిత్రించినాడు. పురుగు శాస్త్రనామం, అది కనబడే మాసం, ఈగను కట్టే సామగ్రి వివరించినాడు. ఒకదానికి కుందేటి బొచ్చుతో దేహం, కౌజుపిట్ట ఈకతో కాళ్ళు. రాగిరేకులను తానే చెక్కినాడు. అప్పటినుండి వేటగానికి పురుగుల శాస్త్రం విధి అయినది.

అతని సంసారం మాత్రం నిశ్చింతగా సాగలేదు. భార్య మరణించిన పిదప 1848లో బిడ్డలను వెంటబెట్టుకొని ఆస్ట్రేలియాకు వలస వెళ్ళినాడు. జీలాంగ్ పట్టణంలో చెక్కడపు పని చేసినాడు. పిదప బంగారు గనుల పట్టణమైన బల్లారట్‌లో మొక్కల పెంపకం చేపట్టినాడు. ట్రౌట్ కంటిచూపును అంతగా ఎరిగినవాడు, ట్రౌట్ లేని దేశంలో 1860లో కన్నుమూసినాడు. ఆ చేప గ్రుడ్లు మంచులో పెట్టబడి, ఓడలో టాస్మేనియా ద్వీపానికి చేరినది 1864లో.

కాని అతని పద్ధతి చేపలకంటె ముందే ఆ గడ్డను తొక్కినట్లయినది. బల్లారట్‌లోని వెండూరీ సరస్సులో కాలక్రమాన ట్రౌట్‌ను వదిలినారు. పారే నీరు పురుగును తానే చేప వద్దకు తెస్తుంది; నిలువనీటిలో ఆ సాయం లేదు. అందుచేత సరస్సు వేటగాడు నీటి అడుగున ఏ పురుగు ఏ వేళ, ఎంత మెల్లగా కదులుతుందో తెలిసి, దారాన్ని అట్లే లాగవలెను. అక్కడి వారు ముఖ్యంగా అనుకరించేది తూనీగ పిల్లను. రెక్కలు రాకముందు అది నీటిలోనే బ్రతుకుతుంది. చీకటిపడినాక కలుపుమొక్కల మీదికి ప్రాకి చర్మం విడుస్తుంది. కనుకనే గోధుమవన్నె బొచ్చుతో కట్టిన ఈగను సంధ్యవేళ గట్టువైపు మందంగా లాగుతారు.

ఆ కాలంలో మదరాసు రాజధానిలో భాగమైన మన జిల్లాలకు కూడ ఈ విద్య వాసన సోకకపోలేదు. మదరాసు సివిల్ సర్వీసు ఉద్యోగి హెచ్. ఎస్. థామస్ 1887లో భారతదేశపు చెరువులలో గాలపు వేటపై గ్రంథం ప్రకటించినాడు. శ్రీకాకుళం, విజయనగరం చెరువులలో ట్రౌట్ లేదు; తూనీగ ఉన్నది. తుంగ కాడకు అంటుకొన్న దాని ఎండుడొల్లను చూచి, లోపలి ప్రాణి ఎక్కడ పెరిగినదని ప్రశ్నించే బాలుడు గాలం పట్టకపోయినా రోనాల్డ్స్ శిష్యుడే.