బీ అమ్మా – ఒక మాతృమూర్తి

మౌలానా షౌకత్ అలీ, మౌలానా మహమ్మద్ అలీల పేర్లు వినని విద్యార్థి ఉండడు. వారిని కన్నతల్లి అబాదీ బానో బేగం. ప్రజలామెను బీ అమ్మా అని ప్రేమతో పిలుచుకొన్నారు. బిడ్డలు తమ కాళ్లపై తాము నిలుచుటకు తల్లి పెంపకమెట్లు తోడ్పడునో ఆమె జీవితమున మనము చూడగలము.

రాంపూర్ సంస్థానోద్యోగియైన భర్త అబ్దుల్ అలీ ఖాన్ కలరా సోకి మరణించునాటికి ఆమె ఇంకను యువతి. 1878లో జన్మించిన మహమ్మద్ అలీ అప్పటికి పసివాడు. ఆమె పునర్వివాహమునకు సమ్మతింపలేదు. తాను బడిచదువు చదివినది కాదు. ఐనను, ఇంగ్లీషు విద్య మతవిశ్వాసమును చెరుచునను భయముతో ఇంటి పెద్దలు ధనమీయ నిరాకరింపగా, రహస్యముగా తన నగలు కుదువబెట్టి కొడుకులను బరేలీ పాఠశాలకు పంపినది. పిదప వారు అలీగఢ్‌లో చదివినారు.

ఆ తరువాతి మార్గములు వారివే. షౌకత్ అలీ క్రికెట్ జట్టుకు నాయకులై, పిమ్మట ప్రభుత్వ నల్లమందు శాఖలో కొలువు చేసి, తమ్ముని ఆక్స్‌ఫర్డు చదువునకు అండగా నిలిచినారు. మహమ్మద్ అలీ సివిల్ సర్వీసు పరీక్షలో తప్పినను చరిత్రలో పట్టము పొందినారు. బరోడా సంస్థానమున ఉద్యోగము వదలి 1911లో కలకత్తాలో కామ్రేడ్ పత్రికను స్థాపించినారు. తల్లి వేసినది పునాది మాత్రమే, కట్టడము బిడ్డలది.

1915లో ప్రభుత్వము సోదరులను నిర్బంధించినది. షరతులకు లోబడి విడుదల పొందుటకు బీ అమ్మా అంగీకరింపలేదు. ఇది బిడ్డలపై తల్లి బలవంతము కాదా యని మనకు సందేహము కలుగవచ్చును. కాని ఆ బాట వారెన్నుకొన్నదే. వారు ఎన్నుకొన్న దానికి భంగము రాకుండుటే ఆమె కోరినది. అంతేకాదు, కష్టమును బిడ్డలకే విడువక తానును అందు పాలుపంచుకొన్నది. 1917లో కలకత్తా ముస్లిం లీగు మహాసభలో, పరదా పాటించు ఆ వృద్ధురాలు బురఖాతోనే ప్రసంగించినది. పిమ్మట ఖిలాఫత్ ఉద్యమమునకై దేశమంతట పర్యటించినది.

1923 డిసెంబరులో మన కాకినాడలో జరిగిన కాంగ్రెసు మహాసభకు మహమ్మద్ అలీ అధ్యక్షత వహించినారు. మరుసటి యేడు, 1924లో, ఆమె కన్నుమూసినది.

బిడ్డకు దారి చూపుట వేరు, బిడ్డ నడకను తామే నడువబోవుట వేరు. ఏ కోర్సులో చేరవలెనో, ఏ కొలువు చేయవలెనో పిల్లల నడుగకయే నిశ్చయించు తల్లిదండ్రులు నేడును మనలో కలరు. నగలు కుదువబెట్టి చదివించిన ఆ తల్లి, ఆ ఋణమునకు వడ్డీగా బిడ్డల జీవితములను కోరలేదని మనము గుర్తుంచుకొందము.