వెంట్రుకవాసికి లెక్క కట్టినవాడు

ఫస్టియర్‌లో డ్రాయింగు షీటు మీద ఒక కొలత వేయడం మరిచిపోతే ఏమవుతుందో మనందరికీ తెలుసు. ఎర్ర పెన్నుతో ఒక సున్నా, రెండు మార్కులు కట్. అంతకంటే పోయేదేముంది అనుకుంటాం. కానీ ఇంగ్లండులో ఒకప్పుడు పెద్ద పెద్ద వర్క్‌షాపుల్లోనే పనివాడికి అంగుళంలో పదహారో వంతు చెప్పి, దానికి కొంచెం తక్కువగా చెయ్యి అనో, కొంచెం నిండుగా చెయ్యి అనో పంపేవాళ్లు. కొంచెం అంటే ఎంత? అది వాడి చేతివాటం, వాడి అదృష్టం. ఆ మాట మీద ఏళ్ల తరబడి పోరాడిన మనిషి జోసెఫ్ విట్‌వర్త్.

1803 డిసెంబరు 21న స్టాక్‌పోర్టులో పుట్టాడు. తండ్రి బడిపంతులు, తర్వాత చర్చిలో బోధకుడయ్యాడు. పద్నాలుగేళ్లకే కుర్రాణ్ణి మేనేజ్‌మెంట్ నేర్చుకోమని బంధువుల నూలు మిల్లులో పెట్టారు. ఈయనకేమో లెక్కల పుస్తకాల కంటే మిల్లులో తిరిగే యంత్రాల మీదే మనసు. కొన్నేళ్లకి అక్కణ్ణించి బయటపడి మాంచెస్టర్‌లో మామూలు మెకానిక్‌గా చేరిపోయాడు. 1825లో లండన్ వెళ్లి హెన్రీ మాడ్‌స్లే షాపులో పని పట్టాడు. ఆ తర్వాత బాబేజ్ లెక్కల యంత్రానికి భాగాలు తయారుచేస్తున్న జోసెఫ్ క్లెమెంట్ దగ్గర కూడా చేశాడు.

ఏ కొలతకైనా ముందు ఒక చదునైన తలం కావాలి. అప్పట్లో రెండు పలకల మధ్య ఎమెరీ పొడి వేసి రుద్దేవాళ్లు. దాంతో చిక్కేమిటంటే, ఒకటి ఉబ్బుగా, ఇంకోటి గుంటగా ఉన్నా రెండూ చక్కగా అతుక్కుంటాయి. విట్‌వర్త్ మూడు పలకలు తీసుకున్నాడు. రంగు పూసి ఒకదాని మీద ఒకటి మార్చి మార్చి ఆనించి, రంగు అంటిన ఎత్తుల్ని స్క్రేపర్‌తో గీకాడు. మూడూ ఒకదానితో ఒకటి కలిశాయంటే ఇక చదునుగా ఉండక తప్పదు. 1840లో గ్లాస్గోలో దీని గురించి పండితుల సభలో పేపరు చదివాడు. మన ఫిట్టింగ్ షాపులో మూలనున్న సర్ఫేస్ ప్లేటుని ఈసారి కాస్త గౌరవంగా చూడండి.

1833లో మాంచెస్టర్‌లో సొంత షాపు పెట్టాడు. అప్పుడు ఒక్కో వర్క్‌షాపుది ఒక్కో మర. ఒక ఊరి బోల్టుకి ఇంకో ఊరి నట్టు ఎక్కదు. ఈయన చాలా షాపుల నుంచి బోల్టులు పోగుచేసి, కొలిచి, సగటు తీసి, 1841లో ఒక పద్ధతి చెప్పాడు: మర కోణం అన్నిటికీ 55 డిగ్రీలు, అర అంగుళం బోల్టుకి అంగుళానికి 12 మరలు, ఒక అంగుళం బోల్టుకి 8. క్రిమియా యుద్ధకాలంలో గన్‌బోట్ల ఇంజిన్ల భాగాల్ని వేర్వేరు షాపుల్లో చేయించి ఒకచోట బిగించగలిగారంటే అందులో ఈ మరకీ వాటా ఉంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఆయన కొలత యంత్రం. అంగుళానికి 20 మరలున్న స్క్రూ, దాన్ని తిప్పడానికి 200 పళ్ల చక్రం, చక్రాన్ని తిప్పే డ్రమ్ము మీద 250 గీతలు. గుణించి చూడండి: ఒక్క గీత అంగుళంలో పది లక్షల వంతు! అంత చిన్న తేడాని కంటితో చూడలేం కాబట్టి, కొలిచే వస్తువుకీ యంత్రానికీ మధ్య ఒక పల్చని ఉక్కు ముక్క పెట్టాడు. పట్టు ఉంటే అది నిలుస్తుంది, ఒక్క గీత వదులైతే జారుతుంది.

అంత సూక్ష్మం ఎవరికి కావాలని అడిగేవాళ్లు అప్పుడూ ఉండేవుంటారు. వాళ్లకి చూపించడానికి ఆయన దగ్గర ఒక రింగు, రెండు కడ్డీలు ఉండేవి. రింగు రంధ్రం 0.5770 అంగుళాలు. కడ్డీల్లో ఒకటి 0.5770, రెండోది 0.5769. మొదటిది బిగువుగా దిగుతుంది. రెండోది దీనికోసం చేసిందేనా అన్నంత లూజు. తేడా అంగుళంలో పదివేల వంతు, నిజంగా వెంట్రుకవాసి కన్నా తక్కువే. 1856లో మెకానికల్ ఇంజినీర్ల సంస్థకి అధ్యక్షుడిగా ఉన్నప్పుడు అంగుళాన్ని సగాలు, పావులు, పదహారో వంతులుగా కాక వెయ్యి భాగాలుగా లెక్కపెట్టాలనీ, పనివాడికి మాట కాదు, అంకె ఇవ్వాలనీ వాదించాడు.

డ్రాయింగు వేసేవాడు తేల్చకుండా వదిలిన కొలతని లేత్ దగ్గర నిలబడ్డవాడు తేల్చాలి. తప్పయితే తిట్లు కూడా వాడికే. విట్‌వర్త్ మొదట్లో ఆ నిలబడ్డవాళ్లలో ఒకడు, అందుకే ఆ బాధ తెలుసు. ప్లస్ ఆర్ మైనస్ గుర్తులు డ్రాయింగుల మీద మామూలు కావడానికి ఆయన తర్వాత చాలా కాలం పట్టింది. అయినా ఆ కొంచెం ఇప్పటికీ దొంగచాటుగా మన షీట్లలోకి వస్తూనే ఉంటుంది. రంధ్రం నుంచి రంధ్రానికి గొలుసులా కొలతలు వేసుకుంటూ పోతే, ఒక్కోచోటి చిన్న తేడా కూడుకుని చివరి రంధ్రం దగ్గర బోల్టు దిగదు. ఒకే అంచు నుంచి అన్నీ కొలవమని చెప్పేది అందుకే.

తర్వాత తుపాకుల మీద పడ్డాడు. ఆరుపలకల గొట్టం ఉన్న ఆయన రైఫిల్ దూరానికి గురి తప్పదని పేరు తెచ్చుకుంది కానీ బ్రిటిష్ సైన్యం దాన్ని తీసుకోలేదు. ఆ గొడవలు చాలా ఉన్నాయి, ఇక్కడ వద్దులెండి. 1868లో చేతిపనీ, సిద్ధాంతమూ రెండూ వచ్చిన కుర్రాళ్ల కోసం స్కాలర్‌షిప్పులు పెట్టాడు. 1887 జనవరి 22న మాంటెకార్లోలో చనిపోయాడు.

పాత వర్క్‌షాపుల్లో ఇప్పటికీ అక్కడక్కడ ½ డబ్ల్యూ అని చెక్కిన స్పానర్ దొరుకుతుంది. డబ్ల్యూ అంటే ఈయనే. వర్నియర్ పెట్టి దాని నోరు కొలిస్తే అర అంగుళం రాదు, 23 మిల్లీమీటర్లు దాటుతుంది. ఆ అంకె స్పానర్‌ది కాదు మరి, అది బిగించే బోల్టు వ్యాసం.