తెర వెనుక డాక్టరు గారు

నాటకం చూసి ఇంటికొచ్చినవాడు వేషం కట్టినవాణ్ణి గుర్తుపెట్టుకుంటాడు. పాట పాడినవాణ్ణి గుర్తుపెట్టుకుంటాడు. వాళ్ళిద్దరూ ఎక్కడ నిలబడాలో, మాట ఎప్పుడు అందుకోవాలో నేర్పిన దర్శకుడి పేరడిగితే మాత్రం తల గోక్కుంటాడు. మన ఆఫీసుల్లో నోట్ రాసేవాడొకడు, సంతకం చేసేవాడొకడు అయినట్టే ఇదీను. అలా తెర వెనుక ఉండి తెలుగు నాటకాన్ని పల్లెల్లోకి నడిపించినవారు డాక్టర్ గరికపాటి రాజారావు గారు. పెన్షనరు మిత్రులకు, ముఖ్యంగా వారి ఇళ్ళలోని పిల్లలకు, ఆయన గురించి నాలుగు మాటలు చెప్పడం నా ఉద్దేశం.

రాజారావు గారు 1915 ఫిబ్రవరి 5న రాజమండ్రిలో జన్మించారు. వైద్యం చదివి డాక్టరయ్యారు. ఆ రోజుల్లో డాక్టరంటే ఎంత గౌరవమో, ఎంత నిలకడైన సంపాదనో చెప్పనక్కరలేదు. కాని ఆయన మనసంతా నాటకం మీదే ఉండేది. ఆయన కోరుకున్నది టిక్కెట్టు కొని హాల్లో కూర్చునేవారి నాటకం కాదు, పొలం నుంచి వచ్చి నేలమీద కూర్చునేవారి నాటకం.

అప్పటికి పౌరాణిక పద్యనాటకాలదే రాజ్యం. హార్మోనియం, సాగదీసిన రాగాలు, వన్స్ మోర్లు ఉంటే చాలు, రాత్రి తెల్లవారేది. 1943లో ఒకవైపు రెండవ ప్రపంచ యుద్ధం, మరొకవైపు బెంగాల్ కరువు. ఆ ఏడే బొంబాయిలో అఖిల భారత స్థాయిలో ప్రజా నాటక సంఘం ఏర్పడింది. ఆంధ్ర ప్రాంతంలో ఆ పని తలకెత్తుకున్నది ప్రజానాట్యమండలి. దాని వ్యవస్థాపకులలో, నడిపినవారిలో రాజారావు గారు ముఖ్యులు.

మండలి కొత్త నాటకాలతోపాటు బుర్రకథ, వీధినాటకం, కోలాటం, పగటివేషం వంటి పాత కళలనూ దుమ్ము దులిపి బయటికి తీసింది. బుర్రకథలో షేక్ నాజర్, నటనలో మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి వంటివారు ఆ నీడనే ఎదిగారు. ఆడవేషం మగవాడే కట్టే రోజుల్లో కుటుంబ స్త్రీలు ధైర్యంగా రంగస్థలమెక్కారు.

ఆయన దర్శకత్వానికి గీటురాయి 1947 నాటి 'మా భూమి' నాటకం. రాసినవారు సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు. గౌతమ్ ఘోష్ 1979లో తీసిన అదే పేరుగల సినిమాకు ఆధారం వేరు, కిషన్ చందర్ ఉర్దూ నవల. రెండింటినీ కలిపి మాట్లాడేవారు మనలో ఉన్నారు కనుక చెబుతున్నాను. నాటకంలోని కథ తెలంగాణ రైతుది, అంటే మనవైపుదే. అప్పటికి ఖమ్మం ఇంకా జిల్లా కాలేదు, నిజాం రాజ్యంలోని వరంగల్ జిల్లాలో భాగం. మన ఏన్కూరూ ఆ రాజ్యంలోదే. ఇక్కడి రైతు గోడును సరిహద్దు అవతల కోస్తా జిల్లాల జనం రాత్రుళ్ళు కూర్చుని చూశారు. 125 దళాలు ఆ నాటకాన్ని ఆడాయని నాటకరంగ చరిత్రలో చెబుతారు. ఒక నాటకం అన్ని చేతుల్లో పడి కూడా చెడకుండా నిలవాలంటే, మొదట తీర్చిదిద్దినవారి చెయ్యి ఎంత గట్టిదై ఉండాలి!

చివరికి ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. 1948 తరువాత కమ్యూనిస్టుల మీద నిర్బంధం పెరగడంతో, ఆ పార్టీతో ముడిపడిన మండలి కళాకారులు చెల్లాచెదురయ్యారు. కొందరు జైళ్ళకు, కొందరు అజ్ఞాతానికి, కొందరు మద్రాసు సినిమా కంపెనీలకు పోయారు. కట్టిన ఇల్లు కళ్ళముందే కూలితే ఎవరికైనా చేతులాడవు. రాజారావు గారు మాత్రం సినిమాకు పూనుకున్నారు. 1953లో ఆయన దర్శకత్వంలో 'పుట్టిల్లు' వచ్చింది. దుగ్గిరాల నుంచి వచ్చిన నాటకాల పిల్ల జమున, పాలకొల్లు నుంచి వచ్చిన అల్లు రామలింగయ్య, ఇద్దరికీ అదే తొలి చిత్రం. సినిమా ఆడలేదు. డబ్బు పోయింది. తెరకెక్కిన ఆ ఇద్దరూ మాత్రం దశాబ్దాలపాటు తెలుగువారి ఇళ్ళలో మనుషులైపోయారు.

రాజారావు గారు 1963 సెప్టెంబరు 8న కన్నుమూశారు. అప్పటికి ఆయనకు నలభై ఎనిమిదేళ్ళు. మన లెక్కలో చెప్పాలంటే, రిటైర్మెంటు వయసు కూడా రాలేదు.

తరువాతి కాలంలో నాజర్ గారికి 1986లో, రామలింగయ్య గారికి 1990లో పద్మశ్రీ వచ్చింది. జమున గారు 2023లో కన్నుమూసినప్పుడు పత్రికలు పేజీలకు పేజీలు రాశాయి. రాజారావు గారి పేరు ముందు మిగిలింది డాక్టరు అన్న ఒక్క మాటే. అదీ చదివి సంపాదించుకున్నది, ఎవరో ఇచ్చింది కాదు.

ఈసారి టీవీలో 'మిస్సమ్మ'లోనో, 'గుండమ్మ కథ'లోనో జమున గారు కనిపిస్తే, పక్కనున్న మనవలతో ఒక్క మాట చెప్పండి. ఈవిడను మొదట సినిమాలోకి తెచ్చినాయన ఒక డాక్టరని, ఆయన పేరు గరికపాటి రాజారావని.