చెరువులు లెక్కపెట్టిన ఇంజనీరు



సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినోత్సవం. మీ అబ్బాయో అమ్మాయో మైసూరు తలపాగా చుట్టుకుని మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి వేషం వేయవచ్చు. ఆయన పేరు వినగానే చాలామందికి కృష్ణరాజసాగర్ గుర్తొస్తుంది. మొయినాబాద్, చేవెళ్ల వైపు ఉండే మనం అంత దూరం వెళ్లనక్కరలేదు.

ఆయన పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం. ఆయన పుట్టింది 1861లో, కర్ణాటకలోని ముద్దేనహళ్లిలో. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగళూరులో చదివే రోజుల్లో ఇతరుల పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ నెట్టుకొచ్చారు. పుణెలో ఇంజనీరింగు ముగించి బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరారు. నీటిమట్టం పెరిగితే వాటంతటవే తెరుచుకునే గేట్లను ఖడక్‌వాస్లా జలాశయానికి పెట్టింది ఆ రోజుల్లోనే.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచేసింది. దాదాపు 15,000 మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది, పిల్లలకు తప్పక చూపించండి. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది.

మునిగింది నగరం కాబట్టి అక్కడే గోడలు ఎత్తు చేయమని చెప్పి వెళ్లిపోవచ్చు. ఆయన ముందు నది ఎగువకు దృష్టి పెట్టారు. అనంతగిరి కొండల నుంచి వికారాబాద్, చేవెళ్ల, మొయినాబాద్ మీదుగా నీళ్లు దిగే నేల అది. వాన లెక్కలు తెప్పించారు, చెరువులు లెక్క కట్టారు. నగరానికి ఎగువన 860 చదరపు మైళ్లలో 788 చెరువులున్నాయి, అంటే దాదాపు మైలుకొకటి. వాటిలో 221 తెగిపోయాయి. ఒక చెరువు కట్ట తెగితే ఆ నీరు కింది చెరువు మీద పడుతుంది, అదీ తెగుతుంది. వాన ఒక్కటే కాదు, ఈ గొలుసు కూడా నగరాన్ని ముంచిందని ఆ లెక్కలో తేలింది. వరదను నగరానికి రాకముందే ఆపి నిలవ చేయాలని, మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టాలని 1909లోనే నివేదిక ఇచ్చారు. నది ఒడ్డున పార్కులు, నగరానికి భూగర్భ డ్రైనేజీ కూడా ఆయన ఆలోచనలే.

ఆ ఏడాది చివర్లోనే చీఫ్ ఇంజనీరుగా మైసూరు వెళ్లిపోయారు. కానీ లెక్కలు కాగితం మీద ఉన్నాయి కదా, పని ఆగలేదు. 1920లో ఉస్మాన్‌సాగర్ (మన గండిపేట), 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. డ్రైనేజీ పని కోసం 1922లో ఆయన మళ్లీ వచ్చారు. 1955లో భారతరత్న అందుకుని, 1962లో నూరేళ్లు దాటాక కన్నుమూశారు.

ఆ రెండు జలాశయాలకు నీళ్లు నేటికీ మన పొలాలు, వాగుల మీదుగానే వెళ్లాలి. 1996లో జీవో 111 మన మండలాలతో కలిపి 84 గ్రామాల్లో నిర్మాణాలకు హద్దులు పెట్టింది అందుకే. ప్లాట్ల ధరలు మాట్లాడుకునేటప్పుడు ఈ సంగతి ఎవరూ ఎత్తరు.

ఈ నెల ఒక ఆదివారం పిల్లలతో మీ ఊరి చెరువు కట్ట మీదికి వెళ్లండి. తూము ఎటుందో, అలుగు పారితే నీళ్లు ఏ చెరువులోకి పోతాయో పెద్దవాళ్లను అడిగి, వాళ్ల చేతనే నోటుబుక్కులో గీయించండి.