లియాది రబ్బీ వ్రాసిన జాబు

ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయము ధ్యానించునప్పుడెల్ల మాకొక యూదా గురువు జ్ఞాపకము వచ్చును. ఆయన పేరు ష్నెయూర్ జల్మాన్. 1745లో నేటి బెలారూస్ దేశమందలి లియోజ్నాలో జన్మించి, హసీదు భక్తులలో హబాద్ అను శాఖను స్థాపించెను.

1798లో స్వజనులే ఆయనమీద రాజద్రోహ నేరము మోపిరి. పరిశుద్ధ దేశపు బీదలకు ఆయన పంపిన కానుకలు తురుష్కులకు సహాయమని వారి ఫిర్యాదు. పీటర్స్‌బర్గు కోటలో 50 దినములకు పైగా బంధింపబడెను. 1800లో మరల చెరపట్టబడెను.

1812లో నెపోలియను రష్యాపై దండెత్తెను. ఫ్రాన్సు 1791లోనే యూదులకు సమాన హక్కులిచ్చియుండెను. రష్యాయో వారిని నిర్ణీత ప్రాంతములు దాటి నివసింపనియ్యలేదు. అయినను రబ్బీ తన మిత్రుడు మోషే మైజ్లిష్‌కు జాబు వ్రాసి, నెపోలియను గెలిచిన ఇశ్రాయేలుకు సంపద హెచ్చి హృదయములు దేవునికి దూరమగుననియు, జారు చక్రవర్తి గెలిచిన బీదరికము హెచ్చినను హృదయములు ఆయనను హత్తుకొనుననియు తెలిపెను. తన్ను చెరలో వేసిన ప్రభుత్వమునే కోరుకొనెను!

ఆకలిగొన్న బిడ్డను ఎత్తుకొని గుడికి వచ్చు తల్లి యెదుట ఈ మాట చెప్పుటకు మాకు నోరు రాదు. సామెతలు 30వ అధ్యాయములో ఆగూరు చేసిన ప్రార్థనయే మాకు చేతనగును. అయితే రబ్బీ తానెన్నుకొన్న కష్టమును తప్పించుకొనలేదు. ఫ్రెంచి సేన సమీపింపగా వృద్ధాప్యములో ఇల్లు విడిచి, కుటుంబముతో బండ్లమీద నెలల తరబడి ప్రయాణము చేసెను. ఆ సంవత్సరాంతమున కూర్స్కు ప్రాంతపు పల్లెయొకదానిలో కన్నుమూసెను. అప్పటికి నెపోలియను సేన మంచులో వెనుకకు మరలియుండెను. ఆయన దేహమును యుక్రేనులోని హాద్యాచ్‌లో పాతిపెట్టిరి.